1972లో మోడర్న్ ఆర్కిటెక్చర్ చచ్చిపోయిందా?

మూడోమెట్టు

అందరికీ నమస్కారం. నేను ఆర్కిటెక్చర్ చదవలేదు, ఆసక్తి మాత్రం చాలా ఉంది, తెలిసినవాళ్ళు కాస్త ఓపిగ్గా చెప్పండి. ఇరవయ్యో శతాబ్దపు భవనాల గురించి ఏ వ్యాసం తెరిచినా ఒకే మాట ఎదురవుతోంది, మోడర్న్ ఆర్కిటెక్చర్ 1972లో చచ్చిపోయిందని. ఆ మాట అన్నది చార్లెస్ జెంక్స్ అనే విమర్శకుడు, 1977లో. అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో ప్రూయిట్-ఐగో అనే ప్రభుత్వ గృహ సముదాయాన్ని పేలుడు మందు పెట్టి పడగొట్టారు కదా, ఆ ఘటననే ఆయన మరణ ముహూర్తంగా లెక్కగట్టాడు, తేదీ, గంట, నిమిషాలతో సహా. ఆ ఫొటో మీలో చాలామంది చూసే ఉంటారు, పదకొండు అంతస్తుల బ్లాకు ఒకటి నడుము విరిగి ఒక పక్కకి ఒరిగిపోతుంటే కింద నుంచి దుమ్ము లేస్తూ ఉంటుంది.

నా సందేహం ఏమిటంటే, అదే సంవత్సరం పూర్తయినవి చూస్తే మ్యూనిక్ ఒలింపిక్ పార్కు ఉంది, లూయీ కాన్ కట్టిన కింబెల్ మ్యూజియం ఉంది, టోక్యోలో నకాగిన్ క్యాప్సూల్ టవర్, శాన్‌ఫ్రాన్సిస్కోలో ట్రాన్సమెరికా పిరమిడ్ ఉన్నాయి. చచ్చిపోతున్న ఉద్యమం ఒక్క ఏడాదిలో ఇన్ని కడుతుందా? కొంతమంది స్టూడెంట్లకి ఈ ఒక్క సంవత్సరం మీదే గంటసేపు చెప్పాలి. ప్రూయిట్-ఐగో దగ్గర మొదలుపెట్టాలా, అసలు దాన్ని పక్కన పెట్టేయాలా? అది నిజంగా డిజైన్ వల్లే పాడైందా? అన్నీ కలిపి చెప్పడానికి ఒక దారి దొరికితే చాలు.

సెంట్రింగ్‌కర్ర

పక్కన పెట్టకండి, కానీ జెంక్స్ చెప్పినట్టు మాత్రం చెప్పకండి. ముందు తేదీ సంగతి. ఆయన రాసింది జులై 15 మధ్యాహ్నం అని, కానీ మొదటి బ్లాకుని పేల్చింది మార్చి 16న, ఏప్రిల్‌లో ఇంకోటి, ఆ తర్వాత మరికొన్ని, మొత్తం ముప్ఫై మూడు బ్లాకులు నేలమట్టం అయ్యేసరికి 1976 వచ్చింది. కాబట్టి ఆ నిమిషం లెక్క ఒక విమర్శకుడు వాదన కోసం వాడుకున్నది, దాన్ని చరిత్రలా చెప్పొద్దు.

ఇక అసలు విషయం. ఆర్కిటెక్ట్ మినోరు యమసాకి, న్యూయార్క్‌లో వరల్డ్ ట్రేడ్ సెంటర్ జంట టవర్లు ఆయనవే, ఒక పక్క సెయింట్ లూయిస్‌లో ఆయన ఇళ్ళు పడగొడుతుంటే అవతల ఆ టవర్ల పని ముగింపుకి వస్తోంది. ప్రూయిట్-ఐగోకి ఆయన మొదట గీసింది పొట్టి ఇళ్ళూ పొడుగు బ్లాకులూ కలిసిన ప్లాన్. ఖర్చు లెక్కలు చూసి ఫెడరల్ హౌసింగ్ అధికారులు కుదరదన్నారు, అన్నీ ఒకే ఎత్తు, పదకొండు అంతస్తులు, మొత్తం 2,870 ఫ్లాట్లు. అక్కడితో ఆగలేదు. ఆవిరి పైపులకి చుట్టే ఇన్సులేషన్ తీసేశారు, వరండాల్లో ఇటుకలకి రంగు తీసేశారు, కింది అంతస్తులో పబ్లిక్ టాయిలెట్లు తీసేశారు, చెట్లూ పచ్చికా తీసేశారు. తలుపు పిడులూ తాళాలూ ఎంత నాసిరకమంటే మొదటిసారి తిప్పగానే ఊడొచ్చినవి ఉన్నాయి. మీ స్టూడెంట్లకి ఇది తప్పకుండా చెప్పండి, ఎందుకంటే ఆ పైపులు పిల్లలు ఆడుకోవాల్సిన వరండాల్లోంచే వెళ్ళేవి, తగిలితే కాలేది. ఆర్కిటెక్ట్ డ్రాయింగ్‌లో అదే వరండా తల్లులు కూర్చుని కబుర్లు చెప్పుకునే చోటు.

దీనికన్నా పెద్ద కారణం ఇంకోటుంది. కట్టడానికి డబ్బు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చింది, నడపడానికి మాత్రం అద్దెలే ఆధారం. 1957లో 91 శాతం ఫ్లాట్లు నిండాయి, అదే గరిష్ఠం. తర్వాత ఖాళీ అవుతూ వచ్చింది, ఎందుకంటే నగరమే ఖాళీ అవుతోంది, సెయింట్ లూయిస్ జనాభా 1950లో ఎనిమిదిన్నర లక్షలు దాటి ఉంటే 1970కి ఆరు లక్షల ఇరవై వేలకి పడిపోయింది. జనం తగ్గితే అద్దె తగ్గింది, అద్దె తగ్గితే లిఫ్ట్ బాగుచేసేవాడు రాలేదు, లిఫ్ట్ ఆగితే ఇంకొంతమంది వెళ్ళిపోయారు. వర్ణవివక్ష కూడా కలిసింది ఇందులో, మొదట ప్రూయిట్ నల్లవాళ్ళకీ ఐగో తెల్లవాళ్ళకీ అని అనుకున్నారు, కోర్టు అది చెల్లదన్నాక తెల్లవాళ్ళు ఉండలేదు. అప్పటి సంక్షేమ సాయం రూల్స్ ప్రకారం సాయం తీసుకునే ఇంట్లో తండ్రి ఉండకూడదు. ఇవన్నీ కలిస్తే వచ్చిన ఫలితానికి కాంక్రీట్‌ని దోషిని చేశారు. కాథరిన్ బ్రిస్టల్ 1991లోనే ఈ వాదన ఒక వ్యాసంలో వివరంగా పెట్టింది, ఆ తర్వాత కూడా జెంక్స్ మాటే తిరుగుతోందంటే ఆ ఫొటోకి ఉన్న బలం అలాంటిది.

మీరు దారి అడిగారు కాబట్టి చెప్తున్నా, లిఫ్ట్ పట్టుకోండి. ప్రూయిట్-ఐగోలో లిఫ్ట్ ప్రతి అంతస్తులో ఆగదు, ఒకటి, నాలుగు, ఏడు, పది, అంతే. మిగతావాళ్ళు దిగి మెట్లెక్కాలి లేదా మెట్లు దిగాలి. లిఫ్ట్ తలుపుల ఖర్చు మిగులుతుంది, మనుషులు వరండాల్లో కలుస్తారు అన్నది లెక్క. ఆ మెట్ల మలుపుల్లోనే దొంగతనాలు, దాడులు జరిగాయి, అందుకే డిజైన్ తప్పు అనేవాళ్ళు మొదట చూపించేది దాన్నే. సరే, అదే 1972లో లండన్‌లో ట్రెలిక్ టవర్ పూర్తయింది, ఎర్నో గోల్డ్‌ఫింగర్ డిజైన్, ముప్ఫై ఒక్క అంతస్తులు. అక్కడా కారిడార్ మూడు అంతస్తులకి ఒకటే! అక్కడ కూడా మొదటి పదేళ్ళు నరకమే, దాడులు, తాగుబోతులు, పత్రికలు దానికి భయంకరమైన పేర్లు పెట్టాయి. ఆ తర్వాత 1980లలో అద్దెకున్నవాళ్ళు సంఘం పెట్టుకున్నారు, ద్వారం దగ్గర కాపలా మనిషి వచ్చాడు, సెక్యూరిటీ వచ్చింది. 1998లో ఆ టవర్ రక్షిత కట్టడం అయింది. డిజైన్ మారలేదు, లిఫ్ట్ ఆగే చోటు మారలేదు.

వెలుగునీడ

సెంట్రింగ్‌కర్ర గారూ, చాలా బాగా చెప్పారు కానీ ఒక చోట ఒప్పుకోలేను. ట్రెలిక్‌ని కాపలా మనిషి కాపాడాడు అంటే సగం నిజం. లండన్‌లో ఇళ్ళకి గిరాకీ పెరుగుతూ పోయింది, సెయింట్ లూయిస్‌లో ఇళ్ళు వదిలేసి పోయారు. ఖాళీ అవుతున్న ఊళ్ళో వంద మంది కాపలావాళ్ళని పెట్టినా ప్రూయిట్-ఐగో నిలిచేది కాదనుకుంటాను. ఇంకోటి, రెండూ ఒకే డిజైన్ అనడం కూడా సరికాదు. ట్రెలిక్‌లో లిఫ్టులన్నీ పక్కన సన్నగా నిలబడ్డ విడి టవర్‌లో ఉంటాయి, అక్కడి నుంచి చిన్న వంతెనల మీదుగా కారిడార్‌లోకి వస్తారు, కారిడార్ పైనా కిందా ఉన్న ఫ్లాట్లకి మెట్లు ఇంటి తలుపు లోపల ఉంటాయి. అంటే వీధి మెట్లు కాదు, సొంత మెట్లు. ఎవరూ లేని మెట్ల మలుపులో ఒంటరిగా నడవాల్సిన పని అక్కడ లేదు. అది చాలా పెద్ద తేడా, స్టూడెంట్లకి రెండు సెక్షన్ డ్రాయింగులు, అంటే భవనాన్ని నిలువునా కోసినట్టు చూపే బొమ్మలు, పక్కపక్కన పెట్టి చూపిస్తే మీరు చెప్పక్కర్లేకుండానే అర్థమవుతుంది.

ఇక నేను రాయాలని వచ్చింది వేరే. 1972 అనగానే అందరూ కూల్చివేత దగ్గరే ఆగిపోతారు, నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే ఆ ఏడాది అక్టోబర్‌లో టెక్సస్‌లోని ఫోర్ట్ వర్త్‌లో కింబెల్ తెరిచారు, అలాంటి గదులు ఆ శతాబ్దంలో చాలా తక్కువ. పదహారు పొడవాటి కప్పులు, ఒక్కొక్కటి సుమారు ముప్ఫై మీటర్ల పొడవు, ఏడు మీటర్ల వెడల్పు, చూడ్డానికి పాత రోమన్ కమానుల్లా ఉంటాయి. కానీ అవి కమానులు కావు. కమాను నిలబడాలంటే నడినెత్తిన రాయి ఉండాలి, ఇక్కడ సరిగ్గా ఆ నెత్తి మీదే ఈ చివర నుంచి ఆ చివర దాకా కోసేసి అద్దం పెట్టారు. మరి ఎలా నిలబడింది? ఆ వంపు మొత్తం ఒక పొడవాటి బీమ్‌లా పనిచేస్తుంది, కాంక్రీట్ లోపల బిగించిన కేబుళ్ళు ఉన్నాయి, బరువంతా నాలుగు మూలల్లో నాలుగు స్తంభాల మీదికి దిగుతుంది. ఇంజనీర్ ఆగస్ట్ కొమెండంట్ లేకపోతే కాన్ దాన్ని కట్టలేకపోయేవాడు.

అద్దం కింద రెక్కల్లా చిల్లులున్న అల్యూమినియం రేకులు వేలాడతాయి, వాటిని తీర్చిదిద్దింది లైటింగ్ నిపుణుడు రిచర్డ్ కెల్లీ. టెక్సస్ ఎండ నేరుగా పెయింటింగ్ మీద పడితే రంగు పోతుంది కదా, ఆ రేకు ఎండని పైకి తిప్పి కాంక్రీట్ వంపు మీదికి కొడుతుంది, అక్కడి నుంచి మెల్లగా కిందికి జారుతుంది వెలుగు, బూడిద రంగు కాంక్రీట్ వెండిలా కనిపిస్తుంది. గది చివర గోడకీ కప్పుకీ మధ్య వంపు తిరిగిన సన్నటి అద్దపు పట్టీ ఒకటి ఉంటుంది, గోడ కప్పుని మోయట్లేదని ఆ పట్టీయే చెబుతుంది. అది అన్ని చోట్లా ఒకే వెడల్పులో ఉండదు, చివరి ఆర్చి నెత్తి దగ్గర మందంగా ఉంటుంది కాబట్టి అక్కడ అద్దం సన్నబడుతుంది. ఎక్కడ ఎంత బలం కావాలో అంతే పెట్టి, పెట్టిన సంగతి దాచకుండా చూపించడం. మోడర్న్ ఆర్కిటెక్చర్ మొదటి నుంచీ చెప్పిన మాటే ఇది, అది చచ్చిందన్న సంవత్సరంలోనే ఇంత పూర్తిగా చేసి చూపించారు.

మ్యూనిక్ గురించి కూడా రెండు మాటలు. ఆర్కిటెక్ట్ గుంటర్ బేనిష్ ఆఫీసు డిజైన్ పోటీకి ఇచ్చిన మోడల్‌లో కప్పు అంటే కర్రపుల్లల మీద సాగదీసిన ఆడవాళ్ళ మేజోళ్ళ గుడ్డ. దాన్ని 74,800 చదరపు మీటర్ల కప్పుగా మార్చాలి, ఎవరికీ ఎలాగో తెలీదు. తేలికపాటి కప్పులకి పేరుపడ్డ ఆర్కిటెక్ట్ ఫ్రై ఓటో వచ్చాడు, సబ్బు నీళ్ళలో తీగలు ముంచి పొర ఏ ఆకారంలో నిలబడుతుందో చూసి దాన్ని కొలిచేవాడు. ఇంజనీర్ ఫ్రిట్జ్ లియోన్‌హార్ట్ బృందం, లెక్కలకి ష్టుట్‌గార్ట్ యూనివర్సిటీలో కంప్యూటర్లు, అలా తయారైంది 75 సెంటీమీటర్ల గళ్ళున్న ఉక్కు తాళ్ళ వల, మీద పారదర్శకమైన యాక్రిలిక్ పలకలు. స్టేడియం సగం నేలలోకి దిగి ఉంటుంది, బయట నుంచి చూస్తే గోడలు లేవు, పెద్ద ముఖద్వారం లేదు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ రాతి కట్టడాలకి సమాధానంగా కావాలనే అలా చేశారు. పక్కనున్న కొండ రెండో ప్రపంచయుద్ధంలో కూలిన ఊరి శిథిలాల గుట్ట, దానికి పచ్చిక కప్పి పార్కులో కలిపేశారు. సెప్టెంబర్‌లో ఇజ్రాయెల్ జట్టు సభ్యుల హత్యలతో ఆ క్రీడల జ్ఞాపకమే మారిపోయింది, పార్కు మాత్రం నేటికీ జనంతో నిండి ఉంటుంది. ఫ్రై ఓటోకి ఆర్కిటెక్చర్‌లో అతి పెద్ద గౌరవంగా చెప్పుకునే ప్రిట్జ్‌కర్ బహుమతి 2015లో వచ్చింది, ఆయన మార్చి 9న చనిపోయాడు, మర్నాడే ప్రకటించారు. అంత ఆలస్యం ఎందుకు చేశారో నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మూడోమెట్టు

ఇద్దరికీ చాలా థాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. లిఫ్ట్ దారి నచ్చింది, ఇంటి లోపలి మెట్లు, బయటి మెట్లు అన్న తేడా ఇంకా నచ్చింది. నకాగిన్ సంగతి ఎవరైనా చెప్తారా? దాన్ని 2022లో విప్పేశారని చదివాను. ఇరవై అయిదేళ్ళకోసారి పెట్టెలు మార్చుకునేలా కట్టిన భవనాన్ని ఒక్కసారి కూడా ఎందుకు మార్చలేదు?

పాతగోడలు

దానికి నేను చెప్తాను, ఆ టవర్ పోయిన వార్త చదివిన రోజు మనసు పాడైంది.

కిషో కురొకావా డిజైన్. రెండు కాంక్రీట్ గోపురాలు, పదకొండు, పదమూడు అంతస్తులు, వాటి చుట్టూ 140 క్యాప్సూళ్ళు. ఒక్కోటి దాదాపు పది చదరపు మీటర్ల ఉక్కు పెట్టె, ఫ్యాక్టరీలో మంచం, బల్ల, బాత్రూమ్, టీవీ అన్నీ బిగించి లారీలో తెచ్చి క్రేన్‌తో ఎత్తి నాలుగు బోల్టులతో గోపురానికి తగిలించారు. ఒక గుండ్రటి కిటికీ, 1.3 మీటర్ల వ్యాసం. శరీరంలో కణాలు మారినట్టు భవనంలో భాగాలు మారాలి, గోపురం నిలవాలి అన్నది మెటబాలిజం ఉద్యమం నమ్మకం, దానికి ఇది సాక్ష్యం కావాల్సింది.

ఎందుకు మార్చలేదంటే, బోల్టులు నాలుగే కానీ యజమానులు చాలామంది. ఒక్కో పెట్టె ఒక్కొక్కరిది, ఒకరు డబ్బు పెడతానంటే ఇంకొకరు పెట్టనన్నారు. పైగా పెట్టెలు ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉన్నాయంటే ఒకదాన్ని తీయాలంటే పైనున్నవి ముందు తీయాలి. అంటే కాగితం మీద విడివిడి, నిజానికి అందరూ కలిస్తేనే కదిలేది. ఆస్బెస్టాస్ కూడా ఉంది లోపల. 2007లో యజమానులు కూల్చేద్దామని ఓటేశారు, కురొకావా పోయింది కూడా అదే ఏడాది. ఆ తర్వాత ఇంకో పదిహేనేళ్ళు అలాగే వేలాడింది, చివరి ఏళ్ళలో వేడినీళ్ళు కూడా రాలేదు. విప్పేటప్పుడు 23 పెట్టెలు దాచారు, కొన్ని మ్యూజియాలకి వెళ్ళాయి. మార్చుకోవడానికి వీలుగా కట్టడం ఒకటి, ఎవరు ఎప్పుడు ఎవరి డబ్బుతో మారుస్తారో కట్టేరోజే రాసి పెట్టడం ఇంకొకటి. రెండోది చేయలేదు.

1972 అంటే ఢిల్లీ ప్రగతి మైదాన్‌లోని హాల్ ఆఫ్ నేషన్స్ కూడా మీ గంటలో ఉండాలి. రాజ్ రేవాల్ ఆర్కిటెక్ట్, మహేంద్ర రాజ్ ఇంజనీర్, స్వాతంత్ర్యం వచ్చి ఇరవై అయిదేళ్ళయిన సందర్భంగా ఆసియా 72 ప్రదర్శన కోసం నవంబర్‌లో తెరిచారు. మధ్యలో ఒక్క స్తంభం లేకుండా 78 మీటర్ల దూరం. స్పేస్ ఫ్రేమ్, అంటే త్రికోణాలుగా అల్లిన చట్రం, కట్టాలంటే ప్రపంచమంతా ఉక్కు గొట్టాలు తెచ్చి బిగిస్తారు, ఇక్కడ అంత ఉక్కు దొరికే పరిస్థితి లేదు, కాబట్టి అదే త్రికోణాల అల్లికని కాంక్రీట్‌లో, అక్కడికక్కడే, మనుషుల చేతుల మీద పోతపోశారు. ఒక్కో ముడి దగ్గరికి ఎన్ని వైపుల నుంచి దూలాలు వచ్చి కలుస్తాయో ఫొటోల్లో చూడండి, ఆ ముడిలో చువ్వలు ఎలా దూర్చారు, సెంట్రింగ్ ఎలా నిలబెట్టారు అని తల తిరిగిపోతుంది. ఆ పరిమాణంలో కాంక్రీట్ స్పేస్ ఫ్రేమ్ ప్రపంచంలో అంతకు ముందు లేదు. లేనితనం నుంచి పుట్టిన డిజైన్ అది.

2017 ఏప్రిల్‌లో రాత్రికి రాత్రి పడగొట్టారు. వారసత్వ కట్టడంగా చూడాలంటే అరవై ఏళ్ళు నిండాలన్నారు, దానికి నలభై అయిదే. ఆర్కిటెక్టులు ప్రపంచం నలుమూలల నుంచి ఉత్తరాలు రాశారు, కోర్టుకి వెళ్ళారు, ఏదీ ఆపలేకపోయింది. చాలా కోపం వచ్చే విషయం ఇది నాకు. అదే 1972 నవంబర్ 16న ప్యారిస్‌లో యునెస్కో సమావేశం ప్రపంచ వారసత్వ ఒప్పందాన్ని ఆమోదించింది, హాలు తెరిచిన నెలలోనే. పాతవాటిని కాపాడాలని దేశాలన్నీ కూర్చుని సంతకాలకి సిద్ధమైన ఏడాదిలో కట్టినవాటికి, పాతబడేంత వయసు మనం ఇవ్వలేదు.

సెంట్రింగ్‌కర్ర

వెలుగునీడ గారూ, మెట్ల తేడా గురించి మీరన్నది ఒప్పుకుంటాను, ట్రెలిక్ సెక్షన్ మెరుగైనదే. ఊరి గిరాకీ మాటకి మాత్రం ఒక అడ్డు ఉంది, రాబిన్ హుడ్ గార్డెన్స్. అదీ లండనే, అదీ 1972లోనే పూర్తయింది, అలిసన్, పీటర్ స్మిత్‌సన్ దంపతుల డిజైన్. అక్కడ కూడా మూడు అంతస్తులకి ఒక వెడల్పాటి వరండా, ఆకాశంలో వీధులు అని పిలిచారు వాటిని. అదే ఊరు, అదే గిరాకీ, కానీ దాన్ని 2017లో కూల్చడం మొదలుపెట్టారు, ఎందుకంటే ఆ స్థలంలో ఇంకా ఎక్కువ ఇళ్ళు కట్టొచ్చు. అంటే గిరాకీ ఒకదాన్ని నిలబెట్టింది, ఇంకోదాన్ని పడగొట్టింది. రక్షిత కట్టడం చేయమని అడిగారు, చేయలేదు, కూల్చాక మూడు అంతస్తుల ముక్క ఒకటి విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం తీసుకుని 2018లో వెనిస్‌లో ప్రదర్శనకి పెట్టింది. ఇళ్ళుగా వద్దన్నారు, ప్రదర్శనలో బొమ్మగా కావాలన్నారు, నాకిది ఎప్పటికీ మింగుడుపడదు.

వెలుగునీడ

రాబిన్ హుడ్ ఉదాహరణకి నా దగ్గర సమాధానం లేదు, మీరే గెలిచారు అక్కడ. అయితే మూడోమెట్టు గారూ, గంటలో అన్నీ పట్టవు. ట్రాన్సమెరికా పిరమిడ్‌ని వదిలేయండి, 260 మీటర్లు, ఊరంతా మొదట తిట్టి తర్వాత ప్రేమించింది, అంతకన్నా చెప్పుకోవాల్సింది పెద్దగా లేదు. కింబెల్‌కి పది నిమిషాలు తప్పకుండా ఉంచండి.

మూడోమెట్టు

సరే, ఇలా అనుకుంటున్నాను. ప్రూయిట్-ఐగో, ట్రెలిక్, రాబిన్ హుడ్ మూడింటి సెక్షన్లు ఒకే స్లైడ్ మీద, లిఫ్ట్ ఆగే అంతస్తులకి ఎర్ర రంగు వేసి. తర్వాత కింబెల్, మ్యూనిక్. చివర్లో నకాగిన్, హాల్ ఆఫ్ నేషన్స్. జెంక్స్ మాట మొదట్లో చెప్పేసి, వాళ్ళు ఏమనుకుంటున్నారో స్లైడ్లన్నీ అయ్యాక అడుగుతాను. ప్రూయిట్-ఐగోలో యమసాకి మొదట గీసిన ప్లాన్, పొట్టి ఇళ్ళు ఉన్నది, ఎక్కడైనా స్పష్టంగా దొరుకుతుందా?

పాతగోడలు

1950ల మొదట్లో వచ్చిన అమెరికన్ ఆర్కిటెక్చర్ పత్రికల పాత సంచికల్లో వెతకండి. ఇంకోటి, స్లైడ్‌లో కూల్చివేత ఫొటోతో పాటు వరండాలో పిల్లలు ఆడుకుంటున్నట్టు అప్పట్లో గీసిన ఊహాచిత్రం కూడా పెట్టండి, పైపులు దాంట్లో ఎక్కడా కనిపించవు.